వండిపెట్టేవాడికి మన వూళ్ళో విలువేదీ?

అమెరికాలో వున్న కొడుకు దగ్గరికో, కూతురు దగ్గరికో వెళ్ళి కొన్ని నెలలు వుండి వచ్చే తల్లిదండ్రులు యిప్పుడు మన కోనసీమ పల్లెల్లో చాలామంది కనిపిస్తారు. తిరిగి వచ్చాక వారు చెప్పే కబుర్లు మేడల గురించి, నున్నటి రోడ్ల గురించి. నేను చెప్పదలచినది వాటి గురించి కాదు. న్యూజెర్సీ రాష్ట్రంలో మా అబ్బాయి యింటికి నాలుగు వీధుల అవతల వున్న ఒక చిన్న పిజ్జా హోటలు గురించి. అక్కడ తిన్న తిండి బాగానే వుంది. అంతకంటె, ఆ తిండి పెట్టినవారికి ఆ పేటలో వున్న గౌరవం నన్ను ఆలోచింపజేసింది.

పేదవాడి రొట్టె

పిజ్జా అంటే పట్నం కుర్రకారు పుట్టినరోజులకు తెప్పించుకునే ఖరీదైన తిండి అని మన అభిప్రాయం. నిజానికది పేదవాడి రొట్టె. ఇటలీ దేశంలో నేపుల్స్ అనే రేవు పట్నంలో కూలీనాలీ చేసుకునేవారు వీధిలో నిలబడి తినే తిండి. పులిసిన గోధుమపిండి ముద్దను చేత్తో వెడల్పు చేసి, పైన టమాటా గుజ్జు పులిమి, పాలు విరగ్గొట్టి చేసే చీజ్ వేసి, పొయ్యిలో కాలుస్తారు. అంతే. ఆ టమాటా కూడా వారి పంట కాదు. మన మిరపకాయలాగే అదీ అమెరికా ఖండం నుంచి ఓడల మీద వచ్చినదే. మనం మిరపను మన సొంతం చేసుకున్నట్లు, వారు టమాటాను సొంతం చేసుకున్నారు.

1880కీ 1920కీ నడుమ సుమారు 40 లక్షల మంది ఇటలీవారు బతుకుతెరువు వెతుక్కుంటూ అమెరికా చేరారు. వారిలో ఎక్కువమంది దక్షిణ ఇటలీ పల్లెలవారు. రోడ్లు వేశారు, సొరంగాలు తవ్వారు, తాపీపని చేశారు. వెల్లుల్లి తింటారని అక్కడివారు వారిని ఎగతాళి చేశారు. అయినా వారు తమ తిండిని వదులుకోలేదు. న్యూయార్కులో 1905 నాటి లొంబార్డీ దుకాణాన్ని అమెరికాలో మొదటి పిజ్జా హోటలుగా చెప్పుకుంటారు. నాడు ఎగతాళి చేసినవారి మనుమలే నేడు ఆ రొట్టె కోసం వరుసలో నిలబడుతున్నారు.

సగం కొట్టు, సగం హోటలు

మేము వెళ్ళినచోట గుమ్మంలోకి అడుగుపెట్టగానే ఒక పక్క కొట్టు, ఒక పక్క హోటలు. యిటువంటి కొట్టును అక్కడ డెలీ అంటారు. అద్దాల బీరువాలో రకరకాల చీజ్, ఉప్పునీటిలో వూరిన ఆలివ్ కాయలు. పైన తాళ్ళతో వేలాడదీసిన చీజ్ ముద్దలు, ఉప్పు పట్టించి నెలల తరబడి ఆరబెట్టిన పంది తొడలు. చూడగానే నాకు కొంత ఎబ్బెట్టుగా తోచిన మాట నిజం. మన తీరంలో ఉప్పుచేప ఎలాగో వారికదీ అలాగేనని తరువాత సమాధానపడ్డాను. అడిగినంత తూచి, యంత్రం మీద కాగితమంత పలుచగా కోసి, పొట్లం కట్టి యిస్తారు. వెనుక గదిలో ఒక పెద్దావిడ పాలవిరుగుడు ముద్దను వేడినీళ్ళలో వేసి, సాగదీసి, మడిచి, వుండలు చేస్తూ కనిపించింది.

రెండో పక్క పది బల్లలు. బల్లమీద ఉప్పూ మిరియాలతోపాటు కచ్చాపచ్చాగా దంచిన ఎండుమిర్చి సీసా కూడా వుంది. ఆ సీసా చూశాక నాకు ప్రాణం లేచి వచ్చింది. పిజ్జా మొత్తం కొననక్కర లేదు, ముక్క లెక్కన యిస్తారు. ఆ ముక్కను మధ్యకు మడిచి చేత్తోనే తింటారు. చెంచాలు, ఫోర్కులు పట్టుకోవడం రాదని మనవాళ్ళు సిగ్గుపడవలసిన పని లేదు.

అమెరికా వెళ్ళే శాకాహారులకు ఒక మాట. పెప్పరోనీ అంటే మిరపకాయ కాదు, మాంసం. టమాటా, చీజ్ మాత్రమే వేసిన పిజ్జా అడగండి. వంకాయ ముక్కలు వేయించి టమాటా గుజ్జుతో చేసే వంటకం కూడా దొరుకుతుంది. అయితే కొన్ని రకాల చీజ్‌లో పాలు విరగడానికి దూడ పొట్టలోంచి తీసిన పదార్థం వాడతారు. పట్టింపు వున్నవారు ముందే అడిగి తెలుసుకోవడం మంచిది. మా ఆవిడ అడిగింది. వాళ్ళు విసుక్కోకుండా లోపలికి వెళ్ళి, అట్టపెట్టె తెచ్చి చదివి వినిపించారు.

పొయ్యి దగ్గర మనుమడు

ఆ హోటలు పెట్టినాయన ఫోటో గోడమీద వుంది. పొయ్యి దగ్గర నిలబడి చెమటలు కక్కుతున్నది ఆయన మనుమడు. కాలేజీ చదువు చదివినవాడు. శుక్రవారం సాయంత్రం బడి పంతులమ్మ, పైపులు బాగుచేసే మేస్త్రీ, బాంకు వుద్యోగి పిల్లలతో వచ్చి పక్కపక్క బల్లల దగ్గర కూర్చున్నారు. అందరూ అతన్ని పేరు పెట్టి పలకరించారు. పేట పిల్లల ఆటల జట్టు చొక్కాల మీద ఆ హోటలు పేరు వుంది. ధర పెరిగిందని ఎవరూ పేచీ పెట్టలేదు. తిన్నంతా కట్టి, పైన టిప్పు కూడా పెట్టి వెళ్ళారు.

అక్కడ అంతా స్వర్గమని నేననడం లేదు. అక్కడా కొడుకులు డాక్టర్లు, లాయర్లు అయి పొయ్యి వదిలేస్తే మూతపడిన హోటళ్ళున్నాయి. అయితే పొయ్యి దగ్గర నిలబడినవాణ్ణి తక్కువవాడిగా ఆ పేట చూడలేదు. అసలు పుట్టింటి సంగతి చూసినా అంతే. నేపుల్స్‌లో పిజ్జా చేసేవారు 1984లో సంఘం పెట్టుకుని, పిండి ఎలా కలపాలో, పొయ్యి ఎంత కాగాలో నిబంధనలు రాసుకున్నారు. 2017లో యునెస్కో వారి విద్యకు గుర్తింపు యిచ్చింది. ఆ గుర్తింపు రొట్టెకు కాదు, రొట్టె చేసే చేతి నేర్పుకు.

మన పాక హోటలు మాటేమిటి?

మనకూ నేర్పు వుంది. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వేడి కుండమీద పలుచటి బియ్యపు రేకు తీసే ఆడవారి చేయి నేపుల్స్ చేతికేమీ తీసిపోదు. కాని ఆ పని చేసేవారిని, అట్టు వేసేవాణ్ణి మనం ఏ దృష్టితో చూస్తున్నాం?

మా వూరి సెంటర్లో 40 ఏళ్ళు పెసరట్టు వేసిన హోటలు రెండేళ్ళ క్రితం మూతపడింది. పెద్దాయనకు చేతులు వణుకుతున్నాయి. కొడుకుకు పని వచ్చు, చేతిలో రుచి కూడా వుంది. అయినా హైదరాబాదులో నెలజీతానికి వెళ్ళిపోయాడు. ఎందుకని అడిగితే, "హోటలు కుర్రాడికి పిల్లనెవరిస్తారండీ?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. పట్నంలో పిజ్జాకు వందలు పోసి నోరు మెదపని మనమే, ఆ పెద్దాయన పెసరట్టుకు రెండు రూపాయలు పెంచితే వారం రోజులు రాద్ధాంతం చేశాం. అరువు పుస్తకంలో పేర్లు పెరిగాయి. అందులో కొంతకాలం నా పేరూ వుంది.

హోటలు వారి తప్పు లేకపోలేదు. ఒకే బకెట్టు నీళ్ళలో పళ్ళాలు ముంచి తీస్తే, కాగిన నూనెనే మళ్ళీ మళ్ళీ కాస్తే గౌరవం ఎక్కడ నుంచి వస్తుంది? శుభ్రత వారు చూసుకోవాలి. కుళాయి, మురుగు కాలువ పంచాయతీ చూడాలి. పెట్టుబడి లేనివారు బాంకుకు వెళ్ళి ముద్ర రుణం అడగాలి. 2015లో మొదలైన యీ రుణాలు చిన్న హోటళ్ళకూ వర్తిస్తాయి. యిక ఆడపిల్లల తల్లిదండ్రులు కుర్రాడి గుణం, సంపాదన అడగాలి గాని, వృత్తి పేరు విని మొహం తిప్పుకోరాదు.

మా సెంటర్లో ఆ పొయ్యి తిరిగి వెలిగించడానికి ఎవరైనా ముందుకు వస్తే, మొదటి రోజు పెసరట్టు నగదు యిచ్చి తినడానికి నేను సిద్ధం. మీ వూళ్ళో యింకా వెలుగుతున్న పొయ్యి వుంటే, అరువు పుస్తకంలో మీ పేరు వుందేమో ముందు చూసుకోండి.