అట్ట మీది అంకెకు అంత పెత్తనమా!

"పాప ఇంకా గ్రేడ్ 3 కదండీ. ఫర్ ఎలీజ్ గ్రేడ్ 5 పీసు. ఇప్పుడే ముట్టుకోనివ్వకండి, చెయ్యి పాడైపోతుంది." మొన్న హైదరాబాదులో ఒక పియానో మాస్టారు మా బంధువులమ్మాయి గురించి వాళ్ళమ్మకు చెప్పిన మాట ఇది. ఆ పిల్ల ఆ పీసు వాయిస్తుంటే ఆయన వినలేదు. పుస్తకం తెరిచి ఫలానా చోట కష్టమని చూపించనూ లేదు. పుస్తకం అట్ట మీది అంకె చెప్పాడు, తీర్పైపోయింది. వాళ్ళమ్మ బుద్ధిగా తలూపి పుస్తకం బీరువాలో పెట్టేసింది. ఈ మాట ఆయనొక్కడిదైతే ఊరుకుందును. పియానో నేర్పే ఏ ఇంటికి వెళ్ళినా ఇదే పాట.

చెయ్యి పాడైపోతుందట! ఆ పీసులో ఏముందో చూద్దాం. బీథోవెన్ 1810లో రాసుకున్నది, ఆయన పోయిన నలభై ఏళ్ళకు, 1867లో అచ్చయింది. అందరి నోటా ఆడే ఆ మొదటి భాగంలో రెండు చేతులూ కలిసి కష్టపడే సందర్భాలు బహు తక్కువ. ఎడమ చెయ్యి మూడు నోట్లు వాయించి కుడి చేతికి అందిస్తుంది, కుడి చెయ్యి పైకి తీసుకుపోతుంది. నిదానంగా వాయిస్తే గ్రేడ్ 2 పిల్ల కూడా పట్టేస్తుంది. అసలు పని ఆ తర్వాత ఉంది. ఎఫ్ మేజర్ భాగంలో కుడిచేతి వేళ్ళు ఒక్కసారిగా పరుగందుకోవాలి. ఇంకాస్త ముందుకెళితే ఎడమ చెయ్యి కింద 'ఏ' నోటునే ఆగకుండా కొడుతుంటే పైన కుడి చెయ్యి కార్డులు (కలిసి మోగే నోట్లు) నిలబెట్టాలి. అది గట్టిదే, కాదనను. అంటే ఒకే పీసులో రెండు మూడు గ్రేడులు కాపురం చేస్తున్నాయన్నమాట. మొదటి భాగం ఇచ్చి, మిగతాది రెండేళ్ళ తర్వాత చూద్దామంటే ఎవరికొచ్చిన నష్టం? బీథోవెన్ లేచి వచ్చి సంజాయిషీ అడుగుతాడా?

ఇంతకీ ఈ గ్రేడులు ఎక్కడివి? 1889లో లండన్‌లో పుట్టిన ఏబీఆర్‌ఎస్‌ఎం అనే బోర్డు, అలాంటి మరికొన్ని బోర్డులు పరీక్షల కోసం పెట్టుకున్న ఎనిమిది మెట్లవి. పరీక్ష అన్నాక సిలబస్ కావాలి, సిలబస్ అన్నాక అంకె కావాలి. అంతవరకు బాగానే ఉంది. కానీ కింది గ్రేడు పాసైతేనే పై గ్రేడు రాయాలని ఆ బోర్డే అనదు. గ్రేడ్ 5 దాకా ఎవరైనా నేరుగా రాయవచ్చు. గ్రేడ్ 6కి మాత్రం గ్రేడ్ 5 థియరీయో దానికి సాటి పరీక్షో ఉండాలి. ట్రినిటీ అనే ఇంకో బోర్డు వాళ్ళు ఆ మాత్రం కూడా అడగరు. లండన్ వాళ్ళకు లేని మడి మన మాస్టారికెందుకో!

ఇక్కడే నాకు ఒళ్ళు మండేది. ఇదే ఊళ్ళో ఆరో తరగతి పిల్లాడికి ఐఐటీ ఫౌండేషన్ పేరుతో ఇంటర్ ఫిజిక్స్ లెక్కలు అప్పగిస్తారు. వాడికి కష్టమవుతుందని ఏ తల్లీ అనదు, ఏ మాస్టారూ అనడు. తెల్లవారుజామున లేపి మరీ కూర్చోబెడతారు. అక్కడ ర్యాంకు ఉంది కదా! అదే పిల్లాడు సాయంత్రం సరదాపడి రెండు గ్రేడ్ల పైనున్న పీసు తెరిస్తే మాత్రం అందరికీ ఒక్కసారిగా బాలల మనస్తత్వశాస్త్రం గుర్తొస్తుంది. ఆ పీసుకు సర్టిఫికెట్ రాదు మరి.

సర్టిఫికెట్ వచ్చే పద్ధతి ఎలా ఉంటుందో చెబుతా. ఏబీఆర్‌ఎస్‌ఎం ప్రాక్టికల్ పరీక్షకు 150 మార్కులు, 100 వస్తే పాస్. మూడు పీసులకే 90. కొత్త కాగితం చూసి అప్పటికప్పుడు వాయించే సైట్ రీడింగ్‌కు 21. ఇక మాస్టారు ఏం చేస్తారు? ఆ మూడు పీసులే ఏడాది పొడుగునా రుద్దిస్తారు. జూన్‌లో అవే, సంక్రాంతికీ అవే. చుట్టాలొస్తే అవే. పిల్ల కళ్ళు మూసుకుని వాయిస్తుంది, పరీక్ష పాసవుతుంది, హాల్లో ఫ్రేము వేలాడుతుంది. ఆ పిల్ల ముందు ఎన్నడూ చూడని గ్రేడ్ 1 పేజీ పెట్టండి. వేలితో గీతలు లెక్కపెట్టుకుంటుంది. ఇలా తయారుచేసిన పెద్దమనుషులే పై పీసు ఇస్తే ఆత్మవిశ్వాసం దెబ్బతింటుందని సెలవిస్తారు. ఏడాదికి మూడు పాటలతో సరిపెట్టిన పిల్లకు విశ్వాసమనేది మిగిలితే కదా దెబ్బతినడానికి!

మన సంగీతంలోనూ సరళీలు, జంటలు, గీతాలు, వర్ణాలు అని వరస లేదా అంటారు. ఉంది. అక్కడ గురువు ఎదురుగా కూర్చుని, పిల్ల గొంతు విని, ఇక వర్ణం ఎత్తుకోమంటాడు. అట్ట చూసి చెప్పడు.

పైగా పైపైన చూసి వేసే అంచనా రెండోవైపూ మోసం చేస్తుంది. నెమ్మదిగా సాగుతుంది కనుక మూన్‌లైట్ సొనాటా మొదటి భాగం తేలికని చాలామంది పిల్లల చేతిలో పెడతారు. అందులో పాటంతా కుడిచేతి బలహీనమైన వేళ్ళమీద నిలబడాలి, అదే చేతిలో మిగతా వేళ్ళు మూడేసి నోట్లు చడీచప్పుడు లేకుండా నడపాలి. షూమన్ 1838లో రాసిన 'చిన్ననాటి దృశ్యాలు' పేరు చూసి పిల్లల పుస్తకమనుకునేవాళ్ళున్నారు. అది పెద్దవాళ్ళు బాల్యాన్ని తలుచుకునే సంగీతం. పిల్లల కోసం ఆయన వేరే ఆల్బమ్ పదేళ్ళ తర్వాత, 1848లో రాశాడు.

చెయ్యి నిజంగా ఎక్కడ పాడవుతుందో చెప్పనా? పియానో మీద ఒక ఆక్టేవ్, అంటే 'స' నుంచి పై 'స' దాకా, వెడల్పు దాదాపు 16.5 సెంటీమీటర్లు. తొమ్మిదేళ్ళ పిల్లల్లో చాలామందికి బొటనవేలికీ చిటికెన వేలికీ మధ్య అంత దూరం తేలిగ్గా సాగదు. బలవంతాన సాగదీస్తే మణికట్టు బిగుసుకుంటుంది, ముంజేయి నొప్పెడుతుంది. ఇది తన గ్రేడు పీసులోనే జరగొచ్చు. యోసెఫ్ హాఫ్‌మన్ అంతటి పియానిస్టుకు చేతులు చిన్నవని స్టైన్‌వే వాళ్ళు సన్నని కీలతో పియానో చేసిచ్చారు. ఆయనకు గ్రేడు తక్కువై కాదు కదా! ఇక మన ఇళ్ళలో ఉండేది చాలావరకు 61 కీల కీబోర్డు. కీలకు బరువుండదు, కింద పెడల్ ఉండదు. దాని మీద వాయించి పలకడం లేదంటే పీసు కష్టమా, పెట్టె లోపమా? ఈ ప్రశ్న ఏ అట్ట మీదా ఉండదు.

వరసే వద్దని నేననడం లేదు. బార్టోక్ 'మైక్రోకాస్మాస్'లో 153 పీసులను తేలిక నుంచి కష్టానికి ఆరు సంపుటాలుగా పేర్చాడు. బాహ్ 1720లో తొమ్మిదేళ్ళ కొడుకు విల్‌హెల్మ్ ఫ్రీడెమన్ కోసం మొదలుపెట్టిన నోటుపుస్తకంలో ముందు పేజీల్లో స్వరాల గుర్తులు నేర్పే పాఠముంది. అదే పుస్తకంలో ఇన్వెన్షన్లనే గట్టి పీసుల తొలి రూపాలూ ఉన్నాయి. ఆ తండ్రి ఏ బోర్డునూ అడగలేదు. పక్కన కూర్చున్న పిల్లాడిని చూశాడు.

మరి ఎలా తేల్చాలంటారా? పీసులో అన్నిటికన్నా గట్టి రెండు బార్లు, అంటే నిలువు గీతల మధ్య గళ్ళు, ముందు తీయండి. చేతులు విడివిడిగా, బాగా నిదానంగా ఒక వారం వాయించనివ్వండి. భుజం పైకి లేస్తోందా, మణికట్టు రాయవుతోందా చూడండి. అయితే ఆపేయండి. కాకపోతే, కొంచెమైనా కదిలితే, పోనివ్వండి. ఎంత కదిలితే చాలన్నది కాగితం మీద రాసే సంగతి కాదు, అది పక్కన కూర్చున్నవాడికి తెలియాలి.

కాబట్టి తల్లిదండ్రులకు ఒకటే మనవి. ఈసారి ఎవరైనా "మీ పాపకు ఇది కష్టమండీ" అంటే, ఏ బార్ దగ్గర, ఏ చేతికి అని అడగండి. వేలు పెట్టి చూపించగలిగితే ఆ మాస్టారి మాట వినండి. అట్ట చూపిస్తే మాస్టారిని మార్చండి.