బీగిలా... డాషండా?

రుషికొండలో ఓ అపార్ట్‌మెంట్‌. మూడో అంతస్తులోని ఆ ఇంట్లో నెలరోజులుగా కుక్కపిల్ల గురించే చర్చ. ఆరో తరగతి చదివే అమ్మాయికి బీగిల్‌ కావాలి. 'ఆ చెవులు చూడు నాన్నా, ఎంత బావున్నాయో' అంటూ రోజూ ఫోన్లో ఫొటోలు చూపిస్తోంది. తండ్రికేమో పొట్టికాళ్ల డాషండ్‌ మీద మనసు. 'చిన్నది, ఓ మూల పడుంటుంది' అన్నది ఆయన లెక్క. 'ఏది తెచ్చినా దాని వెనక తిరగాల్సింది నేనేగా' అంటుంది తల్లి. 'పొద్దున్నే మీరంతా వెళ్లిపోతారు. ఆ తర్వాత దాన్ని పట్టుకోవడం నావల్ల అవుతుందా అమ్మా' అన్నది మామ్మ సందేహం.

పెంపుడు కుక్క కావాలనుకునే చాలా ఇళ్లలో వినిపించే మాటలే ఇవి. ఫొటోలు చూస్తే మాత్రం సమాధానం దొరకదు. ఆ కుక్క జాతిని ఏ పనికోసం తయారుచేశారో తెలుసుకుంటే సగం సందేహాలు తీరతాయి. మన ఇల్లు ఎలాంటిదో, పగలు ఇంట్లో ఎవరుంటారో ఆలోచించుకుంటే మిగతా సగం కూడా తీరిపోతాయి.

రెండూ వేటకుక్కలే!

చూడటానికి బొమ్మల్లా ఉన్నా బీగిల్‌, డాషండ్‌... రెండూ వేటకుక్కలే. బీగిల్‌ది ఇంగ్లండు. కుందేళ్ల వాసన పట్టుకుని గుంపులుగా పరుగెత్తడం దాని పని. వేటగాళ్లు గుర్రాల మీద కాకుండా నడిచే వెనకాల వెళ్లేవాళ్లు. దూరంగా ఉన్నవాళ్లకి వినపడాలి కాబట్టి గొంతు పెద్దది. గంటల తరబడి తిరగాలి కాబట్టి ఓపికా ఎక్కువే.

డాష్‌హౌండ్‌ అని కూడా పిలిచే డాషండ్‌ది జర్మనీ. ఆ భాషలో 'డాక్స్‌' అంటే బ్యాడ్జర్‌... నేలలో బొరియలు చేసుకుని ఉండే జంతువు. 'హుంట్‌' అంటే కుక్క. బొరియలో దూరాలంటే కాళ్లు పొట్టిగా, ఒళ్లు పొడుగ్గా ఉండాలి. చీకట్లో, యజమాని కంటికి కనపడని చోట బ్యాడ్జర్‌తో తలపడాలంటే మొండి ధైర్యం కావాలి. సొంతంగా నిర్ణయం తీసుకునే తత్వమూ ఉండాలి. 'పిలిస్తే రాదు, పెంకిది' అని డాషండ్‌ యజమానులు వాపోయేది ఈ గుణం గురించే.

ముక్కు ముందు, పిలుపు తర్వాత

బీగిల్‌ ఎత్తు సుమారు 33 నుంచి 40 సెంటీమీటర్లు. బరువు సాధారణంగా పది కిలోలకు అటూ ఇటూ. గుంపులో బతికిన జాతి కాబట్టి పిల్లలతో, చుట్టాలతో, మిగతా కుక్కలతో త్వరగా కలిసిపోతుంది. దాని ముక్కు ఎంత చురుకైనదంటే... ప్రయాణికుల సామాన్లలో దాచిన పండ్లు, మాంసం పట్టుకోవడానికి అమెరికా వ్యవసాయశాఖ 1984లో లాస్‌ఏంజెలిస్‌ విమానాశ్రయంలో బీగిళ్లనే నియమించింది. జనం మధ్య తిరిగినా ఎవరినీ భయపెట్టని రూపం, నెమ్మది స్వభావం కూడా వాటికి కలిసొచ్చాయి.

ఇంట్లో ఆ ముక్కే చిక్కులు తెచ్చిపెడుతుంది. వాసన దొరికిందంటే బీగిల్‌కి మన పిలుపు వినపడదు. తలుపు సందు దొరికితే మెట్లు దిగి వీధిలో ఉంటుంది. అందుకే గొలుసు లేకుండా బయటికి తీసుకెళ్లకూడదు. తిండి విషయంలో దానికి 'చాలు' అన్నమాట తెలీదు. మామ్మ జాలిపడి రోజూ ఓ ఇడ్లీ, తాత ఓ బిస్కెట్‌ పెడుతూపోతే ఏడాది తిరిగేసరికి పీపాలా తయారవుతుంది. ఇక ఒంటరితనం దానికి అస్సలు పడదు. పొద్దుట ఎనిమిదింటికి తాళం వేసి సాయంత్రం ఆరింటికి వచ్చే ఇంట్లో బీగిల్‌ను పెడితే అది ఏడుస్తుంది. ఆ ఏడుపు కింది అంతస్తు దాకా వినపడుతుంది.

పొడుగు నడుము పదిలం

డాషండ్‌లో రెండు సైజులున్నాయి. మామూలు రకం ఏడు నుంచి పద్నాలుగు కిలోలు. మినియేచర్‌ రకం సుమారు ఐదు కిలోలు. ఇది ఎక్కువగా ఇంట్లో ఒక్కరిని తన మనిషిగా ఎంచుకుంటుంది. వాళ్ల దుప్పట్లోనే దూరుతుంది, వాళ్ల చెప్పుల దగ్గరే పడుకుంటుంది. ఒంటిమీద వెంట్రుకలు పొట్టిగా ఉండే రకమైతే దువ్వే పని కూడా తక్కువే. అలాగని 'ఓ మూల పడుంటుంది' అనుకుంటే పొరపాటు. కాలింగ్‌బెల్‌ మోగితే ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తుంది. కుక్కల దూకుడుపై పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లో ప్రచురించిన అధ్యయనంలో... కొత్తవాళ్ల మీద, సొంత యజమానుల మీద కూడా దూకుడు చూపే జాతుల్లో డాషండ్‌ పేరు పైనే ఉంది. తోక లాగి ఆడే మూడేళ్ల పిల్లలున్న ఇంటికి ఇది సరిపడదు.

అన్నిటికన్నా ముఖ్యమైంది నడుము. దాని కాళ్లు పొట్టిగా ఉండటానికి తోడ్పడే ఓ జన్యుమార్పే వెన్నుపూసల మధ్య డిస్కులు చిన్నవయసులోనే గట్టిపడటానికీ కారణమని శాస్త్రవేత్తలు 2017లో గుర్తించారు. ప్రతి నాలుగైదు డాషండ్లలో ఒకదానికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ డిస్కు సమస్య వస్తుంది. సోఫా మీంచి దూకడం, మెట్లు ఎక్కి దిగడం, బరువు పెరగడం ముప్పును పెంచుతాయి. ఎత్తుకునేటప్పుడు ముందుకాళ్లు పట్టి లేపకూడదు. ఒక చెయ్యి ఛాతీ కింద, మరో చెయ్యి వెనకభాగం కింద పెట్టి, నడుము వంగకుండా ఎత్తాలి. ఎత్తుకోగానే కుయ్యిమన్నా, నడక తూలుతున్నా, వెనక కాళ్లు ఈడుస్తున్నా 'రేపు చూద్దాంలే' అనుకోకుండా వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. గంటలు గడిచేకొద్దీ మళ్లీ నడిచే అవకాశం తగ్గుతుంది. లిఫ్టు లేని మూడో అంతస్తు ఇంటికి డాషండ్‌ వద్దనేది ఇందుకే.

సముద్రం పక్కన...

విశాఖ తీరంలో ఎండకన్నా ఉక్కపోత ఎక్కువ బాధపెడుతుంది. కుక్కలకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పుతూ వేడి తగ్గించుకుంటాయి. గాలిలో తేమ ఎక్కువున్నప్పుడు అది కూడా సరిగా పనిచేయదు. కాబట్టి నడక తెల్లవారుజామున, మళ్లీ పొద్దుగూకాకే. రెండిటికీ చెవులు వేలాడేవే. గాలి తగలక, తేమ ఆరక చెవిలో చీము పట్టే అవకాశం ఉంది. వారానికోసారి చెవులు తెరిచి చూడాలి, దుర్వాసన వస్తే డాక్టరుకి చూపించాలి. ఇసుకలో తిరిగొస్తే మంచినీళ్లతో కడిగి, పొట్ట కిందా వేళ్ల మధ్యా తుడవాలి. పొట్ట నేలకి దగ్గరగా ఉండే డాషండ్‌కి ఇది మరీ అవసరం.

బీచ్‌ పక్కనే ఉంది కదా, వదిలేస్తే అదే ఆడుకుంటుందన్న ఆలోచన మాత్రం మానుకోవాలి. రుషికొండ బీచ్‌ 2020లో బ్లూఫ్లాగ్‌ గుర్తింపు పొందింది. పెంపుడు జంతువుల రాకను గట్టిగా కట్టడి చేయాలన్నది ఆ గుర్తింపు నిబంధనల్లో ఒకటి. పైగా విశాఖ తీరానికి ఏటా జనవరి నుంచి మార్చి వరకూ ఆలివ్‌ రిడ్లే తాబేళ్లు వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. అవి పొదిగేందుకు నెలన్నర నుంచి రెండు నెలలు పడుతుంది. ఆ గుడ్లకు కుక్కల బెడద ఎక్కువ. వాసన పట్టే బీగిల్‌, నేల తవ్వే డాషండ్‌... రెండూ ఆ పనిలో ఆరితేరినవే. ఇసుకలో గొలుసు చేతిలోంచి జారకూడదు.

తెచ్చేముందు...

2003లో హచ్‌ ఫోను ప్రకటన వచ్చాక దేశమంతా పగ్‌ల కోసం ఎగబడిన సంగతి గుర్తుండే ఉంటుంది. శ్వాస సమస్యల గురించి చాలామందికి తర్వాతగానీ తెలిసిరాలేదు. అలాంటి తొందర మళ్లీ వద్దు. 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం కుక్కల్ని పెంచి అమ్మేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదై ఉండాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లల్ని అమ్మకూడదు. 'నెలపిల్ల, ఇప్పుడైతే త్వరగా మాలిమవుతుంది' అని ఎవరైనా అంటే వెనక్కి వచ్చేయడం మేలు. కూనను తల్లితో కలిపి చూపించమని అడగాలి. డాషండ్‌ అయితే తల్లిదండ్రులకు నడుము సమస్య వచ్చిందేమో కనుక్కోవాలి. కెన్నెల్‌ క్లబ్‌ కాగితాలు వంశం సంగతే చెబుతాయి, ఆరోగ్యానికి హామీ ఇవ్వవు.

ఇంటికొచ్చాక టీకాలు, మూడు నెలలకు రేబిస్‌ సూది, ఆపై డాక్టరు చెప్పిన గడువు ప్రకారం మళ్లీ వేయించడం తప్పనిసరి. నగరపాలక సంస్థలో నమోదు కూడా చేయించాలి. వంటింట్లో ఉల్లిపాయ, కిస్‌మిస్‌, ద్రాక్ష, చాక్లెట్‌ దానికి అందకూడదు. పాయసం గిన్నె నాకనివ్వడం కూడా ముద్దు కాదు, ముప్పు. కుక్కను పెంచొద్దని అపార్ట్‌మెంట్‌ సంఘం నిషేధం పెట్టడానికి వీల్లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పింది. అయినా రాత్రి పదింటికి పక్కింటి పసివాణ్ని లేపే అరుపుకి చట్టం కన్నా శిక్షణే మంచి జవాబు.

ఇంతకీ ఏది?

రోజూ గంటసేపు నడిపించేవాళ్లు, పగలు ఎవరో ఒకరు ఇంట్లో ఉండి, పిల్లలకి ఎనిమిదేళ్లు దాటితే బీగిల్‌ మంచి నేస్తం. మెట్లెక్కే పనిలేని ఇల్లు, పెద్దవాళ్లే ఎక్కువగా ఉండే ప్రశాంతమైన కుటుంబమైతే డాషండ్‌ సరిపోతుంది. ఇల్లు పగలంతా తాళం వేసి ఉండేదైతే రెండూ వద్దు. జాతే కావాలన్న పట్టు లేకపోతే మన ఎండకు అలవాటుపడ్డ వీధికుక్క పిల్లను తెచ్చుకోవచ్చు. వీధి జంతువులను ఆదుకునే విశాఖ సొసైటీ 1996 నుంచి నగరంలో పనిచేస్తోంది.

ఆ మూడో అంతస్తు ఇంటి సంగతికొస్తే... లిఫ్టు ఉంది కాబట్టి ఏదైనా ఫర్వాలేదు. కానీ గొలుసు లాగే బీగిల్‌ను మోకాళ్ల నొప్పులున్న మామ్మ పట్టుకోలేదు. ఆ పని తండ్రీకూతుళ్లే పొద్దునా సాయంత్రం పంచుకోవాలి. ఇంకో లెక్కా ఉంది. రెండు జాతులూ పన్నెండేళ్లకు పైనే బతుకుతాయి. ఇవాళ మారాం చేస్తున్న పదకొండేళ్ల పిల్ల, ఆ కుక్క ముసలిదయ్యేసరికి చదువుకో ఉద్యోగానికో ఏ హైదరాబాదో అమెరికానో వెళ్లిపోయి ఉంటుంది. చూపు మందగించిన కుక్కను ఒళ్లో పెట్టుకుని మందు వేసేది ఆ తల్లే. అందుకే నలుగురూ కూర్చుని మాట్లాడుకునే రోజున ఆఖరి మాట ఆవిడదై ఉండాలి.