భీమ్‌తో నలుగురూ ఆడాలి

చీరాల పక్కనే ఉన్న పేరాలలో వీడియో గేమ్ షాపు నడిపిన రోజుల్లో నా దగ్గర రెండు పాత టీవీలు, ఒక్కోదానికి రెండేసి రిమోట్లు ఉండేవి. మగ్గాల ఇళ్ల పిల్లలు తలా ఒక రూపాయి పోగేసుకుని గంట ఆట కొనుక్కునేవారు. ఆడేది ఇద్దరు, వెనక నిలబడి అరిచేది ఆరుగురు. కాంట్రా అనే ఆటలో జలపాతం ఎక్కే లెవెల్ ఒకటుంది. ఒకడు తొందరపడి పైకి గెంతుకుంటూ పోతే తెర కూడా పైకి జరుగుతుంది, కింద ఉండిపోయినవాడు చస్తాడు. "ఆగరా, నన్ను రానియ్యి" అనే కేక రోజూ వినపడేది. పక్కవాడి కోసం ఆగడం ఆ పిల్లలకు ఆ ఆటే నేర్పింది.

ఇప్పుడు అదే కొట్లో సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నాను. రిపేరుకొచ్చే ఫోన్లలో ఛోటా భీమ్ కార్టూన్ ఆటలు కనిపిస్తుంటాయి. భీమ్ మనవాడు. రాజీవ్ చిలక గారు 2001లో హైదరాబాదులో పెట్టిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్‌లో పుట్టాడు. 2008లో పోగో చానల్లోకి వచ్చాడు. 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో మాటలు రాని పసివాడిగా కనిపించి విదేశాల పిల్లల్ని కూడా నవ్వించాడు. ఇంత దూరం పోయిన మన బొమ్మ ఇంకొకటి నాకు కనపడదు.

ఆ కార్టూన్‌కు ప్రాణం గుంపు. కాలియా బడాయి, వాడి వెనక ఢోలు భోలుల గోల, జగ్గు కోతి చేష్టలు, చుట్కీ తెచ్చిచ్చే లడ్డూలు, చిన్న రాజు పౌరుషం లేకపోతే భీమ్ ఊరు ఢోలక్‌పూర్‌లో నవ్వే లేదు. అలాంటి భీమ్ ఫోన్లోకి వచ్చేసరికి ఒంటరివాడైపోయాడు. మా మేనకోడలి కొడుకు ఆడే రేసులో పక్కన పరిగెత్తే బళ్లన్నీ ఫోనే నడుపుతుంది. వాడు గెలిచినా చప్పట్లు కొట్టేవాడు లేడు, ఓడినా ఏడిపించేవాడు లేడు. అరుగు మీద నలుగురు పిల్లలు కూర్చుంటే నాలుగు ఫోన్లు, నలుగురు భీమ్‌లు. ఇది నాకు నిజంగా బాధగా ఉంది.

నలుగురు కలిస్తేనే ఆట అన్న సంగతి వేరే దేశాలవాళ్లు ఎప్పుడో పట్టుకున్నారు. ఒకే టీవీ ముందు నలుగురు చేరి చిన్న చిన్న పోటీలు ఆడేవాటిని పార్టీ గేమ్‌లంటారు. జపాన్ నుంచి 1998లో మారియో పార్టీ వచ్చింది. ఆ మరుసటి ఏడే అమెరికాలో సౌత్ పార్క్ కార్టూన్ మీద ప్రశ్నలూ పోటీలూ కలిపిన నలుగురి ఆట చేశారు. అది పిల్లలకు చూపించేది కాదు గానీ, పద్ధతి అదే. ఆస్ట్రేలియా కార్టూన్ బ్లూయీకి 2023లో ఆట వచ్చింది. అందులో ఇంటిల్లిపాదీ కలిసి బెలూన్ నేల తాకకుండా ఎగరేయాలి. కథ ఇట్టే అయిపోతుందని కొన్నవాళ్లు తిట్టుకున్నారు, ఆ తిట్టు న్యాయమే. అయినా నాలుగేళ్ల పిల్ల, తాత ఒకే తెర మీద ఆడటం చిన్న విషయం కాదు.

భీమ్‌తో ఇలాంటి నలుగురి ఆట చేయడానికి మనకు ఆటల కరువు లేదు. జగ్గుతో కోతికొమ్మచ్చి, కాలియాతో ఏడుపెంకులాట, గోలీలు, గాలిపటాలు, చివర్లో లడ్డూల పోటీ. మాటలన్నీ తెలుగులో, చదవడం రాని పిల్లకు కూడా అర్థమయ్యేట్టు. అంత ఖరీదైన ఆట యంత్రాలు ఎవరింట్లో ఉన్నాయని అడుగుతారు. అక్కర్లేదు. ఇప్పుడు చాలా ఇళ్లలో స్మార్ట్ టీవీ ఉంది, ఫోన్నే రిమోట్‌గా వాడుకునే ఆటలు ప్రపంచంలో ఎప్పటినుంచో ఉన్నాయి. ఒక్క హాట్‌స్పాట్ చాలు.

ఒక షరతు మాత్రం గట్టిగా చెబుతాను. మధ్యలో ప్రకటనలు ఉండకూడదు. ఉచితం అని ఎక్కించిన ఆటలో పిల్లాడు ప్రకటన మీద నొక్కి, ఏదేదో దిగిపోయి, ఫోన్ కదలడం లేదని తల్లులు నా దగ్గరికి తెస్తున్నారు. ఒక్కసారి ధర పెట్టి అమ్మండి.

చట్టాలు కూడా ఇటే చూస్తున్నాయి. మన రాష్ట్రం 2020లో ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పందెం ఆటల్ని దేశమంతటా ఆపుతూ చట్టం చేసింది. మంచి పని. పందెం లేని ఆటల్ని ప్రోత్సహించాలని కూడా అదే చట్టంలో ఉంది. ఆ సగం పని మొదలుపెట్టడానికి భీమ్ కంటే తగినవాడు దొరకడు.

రాజీవ్ చిలక గారూ, మీ స్టూడియో వాళ్లూ ఈ మాట ఆలోచించండి. నలుగురు పిల్లలు ఒకే తెర ముందు తెలుగులో ఆడే ఢోలక్‌పూర్ ఒకటి చేసి పెట్టండి. చీరాలలో ఇంటింటికీ తిరిగి దాన్ని ఎక్కించే పని నాది.