'హిడెన్ జెమ్' సరే, దాచిందెవరు?

విలియం ఫ్రీడ్‌కిన్ 'సోర్సరర్' (1977) ఎవరు చూసినా ఒకటే మాట: "హిడెన్ జెమ్ దొరికింది బాస్!" దొరకడానికి అదేమైనా పొలం దున్నుతుంటే బయటపడ్డ లంకెబిందా? యూనివర్సల్, పారామౌంట్ కలిసి రెండు కోట్ల డాలర్లకు పైగా పోసిన సినిమా. తీసినవాడు 'ఎక్సార్సిస్ట్' దర్శకుడు.

'స్టార్ వార్స్' వచ్చిన నెలకే విడుదలై కొట్టుకుపోయింది. అందరూ కథ ఇక్కడే ఆపేస్తారు, జనం టేస్టు మారింది పాపం, ఎవరేం చేస్తారన్నట్టు. (సోర్సరర్ అనేది లారీ పేరు. దయ్యాల సినిమా అనుకుని వెళ్లినవాళ్లని ఏమీ అనలేం.)

ఆ వంతెన సీను చూడండి. కుండపోత వాన, తాళ్లకు వేలాడే పుచ్చిన చెక్కలు, వాటి మీద లారీ. లోపల డైనమైట్ పెట్టెల్లోంచి నైట్రోగ్లిజరిన్ కారుతోంది. గ్రాఫిక్స్ లేవు. డొమినికన్ రిపబ్లిక్‌లో వంతెన కడితే నది ఎండిపోయింది. మెక్సికోలో మళ్లీ కట్టారు. లారీ ఒక పక్కకి ఒరుగుతుంటే హీరోయిజం గుర్తురాదు, మన కాళ్లు కుర్చీ కిందికి ముడుచుకుంటాయి. నడిపేది పారిపోయి వచ్చిన నేరస్థులు. వాళ్లు బతకాలని మనం ఎందుకు కోరుకుంటామో ఇప్పటికీ నాకు అంతుపట్టదు.

ఇలాంటి సినిమాకి చాలాకాలం పాత డీవీడీయే దిక్కు. హక్కులు ఎవరివో తేల్చమని డెబ్బై దాటిన ఫ్రీడ్‌కిన్ 2012లో రెండు స్టూడియోల మీదా కోర్టుకెళ్లాడు. బాగుచేసిన ప్రింటు 2013లో వెనిస్‌లో పడింది. ఆస్కార్ ఉన్న దర్శకుడికే ఇంత తిప్పలైతే, లాయర్ని పెట్టుకోలేని వాళ్ల రీళ్లు ఏ గోదాముల్లో పడున్నట్టు?