బాల్సా రిబ్బులూ, నా ప్రోగ్రామూ
మోడల్ విమానానికి కొసకి సన్నబడే రెక్క చేద్దామని కూర్చున్నా. లోపల పది రిబ్బులు (పక్కటెముకలన్నమాట), మొదట్లో వెడల్పు 200 మి.మీ., కొసన 120. పాతవాళ్ళ పద్ధతేమిటంటే, ఈ రెండు కొలతలకీ ప్లైవుడ్ అచ్చులు కోసి, మధ్యలో బాల్సా ముక్కలు పేర్చి, బోల్టులు బిగించి, అచ్చులు తగిలేదాకా గరుకు కాగితంతో అరగదీయడం.

ఇదేం మోటు పని, మనం ఇంజనీర్లం కదా అని ఒక్కో రిబ్బు కొలతా లెక్కగట్టే ప్రోగ్రాం రాశా. ప్రింట్లు అంటించి బ్లేడుతో కోశా. లెక్క తప్పలేదు, చెయ్యి తప్పింది. ఒకటి అర మిల్లీమీటరు పైకి, పక్కది లోపలికి. ఫిల్ము కప్పితే అచ్చం గతుకుల రోడ్డే :)

పేర్చి అరగదీస్తే తప్పు రాదా? వస్తుంది. కానీ అన్నిటికీ కలిపి వస్తుంది, అందుకే రెక్క గీత చెడదు. నా మటుకు నాకు అసలు కిటుకు అదే.

అలాగని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. 1.5 మి.మీ. చెక్కయితే దొంతర మొత్తం 15 మి.మీ., అందులోనే వెడల్పు 80 తగ్గాలి. అంటే ఒకే రిబ్బుకి రెండు ముఖాల మధ్య 8 మి.మీ. తేడా! ఆ ఏటవాలు అంచుల్ని చిన్న ముఖం కొలతకి చదును చెయ్యాలి, అది పోతుందని పెద్ద అచ్చుని ముందే పెంచుకోవాలి. కుడికీ ఎడమకీ వేరే దొంతరలు.

లేజర్ కోతకిస్తే నా ప్రోగ్రామే గెలుస్తుంది, ఒప్పుకుంటా. నా దగ్గరున్నది గరుకు కాగితం. ఎడమ రెక్క దొంతర ఇప్పుడు బల్లమీద బిగించి ఉంది.