కీ ఎవరిది వాళ్లదే, కాపలా అందరిదీ

సాటి అడ్మిన్లారా, డెవలపర్లారా, ఇప్పుడిప్పుడే టెర్మినల్ తెరుస్తున్న విద్యార్థులారా!

1995లో హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో పొంచి ఉండి పాస్‌వర్డులు కాజేశారు. టెల్నెట్‌లో పాస్‌వర్డు ఏ ముసుగూ లేకుండా పోయే రోజులవి. అక్కడి పరిశోధకుడు టాటు యులోనెన్ తిట్టుకుని ఊరుకోలేదు. లాగిన్‌ను గుప్తంగా సాగనిచ్చే ఎస్‌ఎస్‌హెచ్ రాసి లోకానికి ఉచితంగా ఇచ్చాడు. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు, ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు అర సెకను ఎక్కువ ఎందుకు పడుతోందని తవ్వాడు. ఎక్స్‌జెడ్ లైబ్రరీలో దాచిన దొంగదారి బయటపడింది. ‘నాకెందుకులే’ అని ఇద్దరిలో ఎవరూ అనుకోలేదు.

మరి మనం? సర్వర్‌లోకి వెళ్లడానికి టీమంతటికీ ఒకే ప్రైవేట్ కీ, ఒకే పెమ్ ఫైలు. అదీ వాట్సాప్ గ్రూపులో! ఉద్యోగం మానేసినవాళ్ల ల్యాప్‌టాప్‌లోనూ అది భద్రంగా ఉంటుంది. మొదటిసారి కనెక్టయినప్పుడు సర్వర్ తన ఫింగర్‌ప్రింట్ చూపిస్తే, చదవకుండానే ‘యస్’ కొట్టేస్తాం. ఆ సర్వర్‌లో ఉన్నది మన కోడ్ ఒక్కటే కాదు, మనల్ని నమ్మి వివరాలిచ్చిన జనం బతుకులు కూడా.

ఇక ఉపేక్ష చాలు. ఎవరి కీ వాళ్లే ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్‌తో తయారు చేసుకుందాం. ఈడీ25519 రకం ఎంచుకుని, పాస్‌ఫ్రేజ్ తప్పక పెడదాం. ప్రైవేట్ కీ మన మెషీన్ దాటకూడదు. సర్వర్‌కు వెళ్లేది పబ్లిక్ కీ మాత్రమే. కీ ఫైలుకు 600 పర్మిషన్ ఇద్దాం. అందరూ చదవగలిగేలా వదిలేస్తే ఎస్‌ఎస్‌హెచ్ కూడా ఆ కీని ముట్టదు. 22వ పోర్టును ప్రపంచమంతటికీ తెరిచి పెట్టకుండా, ఫైర్‌వాల్‌లో మనకు కావలసిన ఐపీలకే అనుమతిద్దాం. ఒక సెషన్ తెరిచే ఉంచి, ఇంకో విండోలో కీతో లాగిన్ అవుతోందని తేల్చుకున్నాకే పాస్‌వర్డు లాగిన్‌ను, నేరుగా రూట్ లాగిన్‌ను ఆపేద్దాం. ‘హోస్ట్ కీ మారింది’ అన్న హెచ్చరిక వస్తే, నోన్ హోస్ట్స్ ఫైలులో ఆ సర్వర్ వరుస చెరిపేసి ముందుకు పోవద్దు. సర్వర్ మార్చారా అని టీమును అడుగుదాం, క్లౌడ్ కన్సోల్‌లో సరిచూద్దాం.

సీనియర్లారా, కొత్తవాళ్లు ‘అన్నా, ఆ కీ పంపవా’ అని అడిగితే ‘నీ పబ్లిక్ కీ పంపు’ అనండి. ఆ ఒక్క మాటతో టీము అలవాటు మారుతుంది. మేనేజర్లారా, మనిషి వెళ్లిన రోజే ఆ మనిషి కీ కూడా వెళ్లిపోయేలా చూడండి.

రేపటిదాకా ఎందుకు? ఈ సాయంత్రమే సర్వర్‌లో పబ్లిక్ కీలుండే ఆథరైజ్డ్ కీస్ ఫైలు తెరవండి. ఎవరిదో తెలియని వరుస ఒక్కటి కనబడినా, సంగతి తేలేదాకా వదలకండి!