కాలు ఉంటుందో పోతుందో చెప్పే లెక్కలో మనం ఉన్నామా?



"నాలుగడుగులు వేస్తే పిక్క పట్టేస్తోంది, కాసేపు ఆగితే తగ్గుతోంది" అని మీ ఊళ్లో పెద్దోళ్లు అనడం వినే ఉంటారు. వయసు మీద పడిందిలే అని వదిలేస్తాం. అందరిదీ కాకపోయినా కొందరిది కాళ్లకు రక్తం తీసుకెళ్లే ధమనులు పూడుకుపోయే జబ్బు. పెరిఫెరల్ ఆర్టరీ డిసీజ్ అంటారు. ముదిరితే పడుకున్నా నొప్పే. ఆ తర్వాత మానని పుండు, నల్లబడే వేళ్లు. చుట్ట, బీడీ, షుగర్ దీనికి పెద్ద కారణాలు.

ఇలాంటి రోగి ఆస్పత్రిలో చేరితే ఏమవుతుందో ముందే అంచనా వేసే పద్ధతులున్నాయి. 2014లో అమెరికా వాస్క్యులర్ సర్జన్ల సంఘం 'వైఫై' అనే లెక్క తెచ్చింది. పుండు ఎంత, రక్తప్రసరణ ఎంత తగ్గింది, ఇన్ఫెక్షన్ ఎంత అని చూసి ఒక్కోదానికి 0 నుంచి 3 వరకు అంకె వేస్తారు. మూడూ కలిపి, ఏడాదిలోపు కాలు తీసేయాల్సి వచ్చే ప్రమాదాన్ని నాలుగు దశలుగా చెప్తారు. ప్రాణానికున్న ముప్పు చెప్పాలంటే వయసు, కిడ్నీలు, గుండె, రక్తంలో అల్బుమిన్, మనిషి నడవగలడా లేదా అన్నవి కూడా చూస్తారు. ఎందుకంటే ఈ రోగుల ప్రాణం ఎక్కువగా పోయేది గుండెపోటుతో, పక్షవాతంతో. ఇప్పుడు ఈ అంచనాలు కంప్యూటర్ కూడా వేస్తోంది.

అంచనా వేయడం మంచిదే. కానీ కంప్యూటర్ పాత రికార్డులు చూసి నేర్చుకుంటుంది. ఆ రికార్డుల్లో ఎవరున్నారు, ఏం రాశారు అన్నదే నా ప్రశ్న.

అమెరికాలో ఏమైందో చూడండి. ఎవరికి అదనపు వైద్యం కావాలో చెప్పే ఒక ప్రోగ్రామ్‌ను 2019లో పరిశోధకులు పరీక్షించారు. అది జబ్బు తీవ్రతను వైద్యానికైన ఖర్చుతో కొలిచింది. నల్లజాతి వాళ్ల మీద ఖర్చు తక్కువ పెట్టారు కాబట్టి వాళ్లకు జబ్బూ తక్కువే అనుకుంది. ఆ తప్పు సరిదిద్దితే అదనపు సాయం అందే వాళ్లలో నల్లజాతి వాళ్ల వాటా 17.7 శాతం నుంచి 46.5 శాతానికి పెరుగుతుందని తేలింది.

ఇక మన సంగతి. మన మనిషి రికార్డు మొదలయ్యేదే ఆస్పత్రి గుమ్మం దగ్గర. డోలీలో మోసుకొచ్చేసరికి వేళ్లు నల్లబడి ఉంటాయి. లెక్క 'ప్రమాదం చాలా ఎక్కువ' అంటుంది. అది నిజమే. కానీ రోడ్డు లేదని, ఆరు నెలల కిందట పిక్క నొప్పి అన్నప్పుడు ఎవరూ పరీక్ష చేయలేదని ఆ అంకెలో ఎక్కడా ఉండదు. అసలు ఆస్పత్రికే రాని వాళ్లు ఏ లెక్కలోనూ ఉండరు. అలాంటి అంకెను చూసి "వీళ్ల కాళ్లు ఎలాగూ నిలవవు" అనే మాట రాకూడదు.

ముందే పట్టుకునే పరీక్ష కష్టమైందేం కాదు. బీపీ పట్టీ, చేతిలో పట్టే చిన్న డాప్లర్ ఉంటే చాలు. చీలమండ దగ్గరి బీపీని చేతి బీపీతో భాగిస్తారు. 0.9 లేదా అంతకన్నా తక్కువొస్తే జబ్బు ఉన్నట్టే లెక్క. షుగర్ రోగుల్లో నాళాలు గట్టిపడి అంకె ఎక్కువ చూపించొచ్చు, అప్పుడు కాలి బొటనవేలి దగ్గర కొలవాలి.

అందుకే మన ప్రతి పీహెచ్‌సీలో ఈ పరీక్ష ఉండాలని ఐటీడీఏ పీవోకు అర్జీ పెట్టండి. ఊళ్లో షుగర్ ఉన్నవాళ్ల, చుట్ట బీడీ తాగేవాళ్ల పాదాలు ఆశా అక్కతో కలిసి చూడండి. చుట్ట మాన్పించండి. ఎవరికైనా కాలు తీసేయాలంటే మూడు ప్రశ్నలు అడగండి: రక్తప్రసరణ కొలిచారా? వాస్క్యులర్ సర్జన్ చూశారా? బైపాస్ గానీ బెలూన్ గానీ కుదరదా? ఇన్ఫెక్షన్ ప్రాణం మీదకొస్తే మాత్రం ఆలస్యం చేయొద్దు.

చదువుకున్నది మనం. అడగాల్సిందీ మనమే.

జోహార్!